చుక్క నీళ్లు కలపని ఇల్లు

జహనుమా బస్తీలో రుక్మాబాయి పాలలో నీళ్లు కలపదు. ఈ సంగతి బస్తీ అంతటికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే రుక్మాబాయే చెబుతుంది. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వాకిట్లో నిలబడ్డ గిరాకీల ముందు ఖాళీ బకెట్ బోర్లించి చూపించి, "చూస్కోరి, చుక్క నీళ్లున్నయా? కల్పితే ఈ చేతులు పడిపోవాలె" అని ఒట్టు పెట్టుకున్నాకే బర్రె దగ్గర కూర్చుంటుంది. నలభై ఏళ్లుగా అదే ఒట్టు. చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టి పాలు మంచివేనని అందరికీ నమ్మకం.

ఆ ఇంటి కోడలు భాగ్యశ్రీ. బీకాం చదివి, పద్నాలుగేళ్ల కిందట రుక్మాబాయి కొడుకు రామ్‌చందర్‌ను చేసుకుని, పది బర్రెల ఈ ఇంటికి వచ్చింది. బీకాం బర్రెలకు అక్కరకు రాలేదు గాని, బర్రెల దగ్గర నేర్చుకున్న ఓపిక మాత్రం ఆమెకు డాక్టర్ల దగ్గర బాగా పనికొచ్చింది.

ఎందుకంటే పన్నెండేళ్లుగా ఆమెకు కడుపులో నొప్పి. నెలకు మూడు రోజులతో మొదలై, వారమై, చివరికి నొప్పి లేని రోజు వస్తే ఇవాళ ఏదో మరిచిపోయినట్టుందే అనిపించేదాకా వచ్చింది. దానికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. అత్తగారు వేడి అన్నది. పక్కింటి యశోద దిష్టి అన్నది. మొదటి డాక్టరు గ్యాసన్నాడు. రెండో ఆయన పిల్ల పుడితే పోతుందన్నాడు. పిల్ల పుట్టింది, సోనీ అని పేరు పెట్టారు, బడికి కూడా పోతోంది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. మూడో ఆయన స్కానింగ్ ఫిల్ము లైటుకు అడ్డంపెట్టి చూసి, "ఏం లేదమ్మా, అంతా మీ మనసులోనే ఉంది" అన్నాడు.

ఆ మాట ఇంట్లో అందరికీ నచ్చింది. మనసులో ఉన్నదానికి సెలవులుండవు కదా. పేడ ఎత్తవచ్చు, రొట్టెలు చేయవచ్చు, పెళ్లిళ్లకు పోవచ్చు.

చివరికి నయాపూల్ దగ్గర చిన్న క్లినిక్ నడుపుకునే డాక్టర్ విమలాదేవి అరగంట కూర్చోబెట్టి మాట్లాడి, కడుపులోకి కెమెరా గొట్టం పంపించి చూసింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరిగి, పేగులకూ అండాశయాలకూ అతుక్కుపోయి ఉంది. ఎండోమెట్రియోసిస్ అని పేరు. భాగ్యశ్రీ ఆ పేరును పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. అత్తగారికి చదువు రాదు. అయినా చల్లనీళ్లు తీసుకున్నప్పుడల్లా కంటికి తగలాలని.

ఆపరేషన్ తరవాత ఏడాది బాగుంది. తరవాత నొప్పి మెల్లగా, పాత అద్దెకున్నవాళ్లు సామాను తెచ్చుకున్నట్టు, ఒక్కొక్కటిగా అన్నీ తెచ్చుకుంది. హార్మోన్ మాత్రలు కొంత ఆపాయి. మిగిలినదాన్ని ఆపలేకపోయాయి. ఆ ఏడాది వేసవిలో భాగ్యశ్రీకి పొద్దున లేవబుద్ధి కాకుండా పోయింది. జోకులు వేయడం మానేసింది. అది ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఆ జోకులు వాళ్లకు ముందు నుంచీ అర్థమయ్యేవి కావు.

విమలాదేవి గమనించింది.

"జీవితం మీద ఆసక్తి తగ్గినట్టుందా?" అని అడిగింది.

"ఏ జీవితం మీద డాక్టరమ్మా?"

డాక్టరు నవ్వలేదు. ఒక చిన్న మాత్ర రాసింది. "ఇది డిప్రెషన్‌కు ఇచ్చే పాత మందు. తక్కువ మోతాదులో నొప్పి నరాలను కూడా శాంతపరుస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి పడితే నరాలు చిన్నదానికే గట్టిగా అరవడం అలవాటు చేసుకుంటాయి. మీకు రెండు రకాలుగానూ పనికి రావచ్చు. నిద్రమత్తు, నోరు ఎండటం, కొంచెం బరువు పెరగటం ఉంటాయి. అందరికీ పని చేస్తుందని చెప్పలేను."

భాగ్యశ్రీ చీటీ వైపు చాలాసేపు చూసింది. పన్నెండేళ్లు కడుపులో ఉంది, కడుపులో ఉంది అని మొత్తుకుని, ఫ్రిజ్ మీద సాక్ష్యం అంటించి, ఇప్పుడు మనసు మాత్ర మింగితే? మూడో డాక్టరు దగ్గర నుంచి ముసలి అత్తగారి దాకా అందరూ గెలిచినట్టే.

"జర ఆలోచిస్త డాక్టరమ్మా. రెండు నెలలు టైమియ్యిరి."

"తీసుకోండి. తొందరేం లేదు. నిర్ణయం మీది."

ఇంటికి వచ్చి రామ్‌చందర్‌తో కూడా అదే చెప్పింది. "నేనే ఆలోచించి చెప్త. అందాక ఎవ్వరు లొల్లి చెయ్యొద్దు." ఆయన తలూపాడు. తలూపడం ఆయనకు బాగా వచ్చు.

సోనీ పాత నోట్‌బుక్కు వెనక పేజీలో భాగ్యశ్రీ నిలువుగా గీత గీసింది. ఒకవైపు 'వేసుకుంటే', ఇంకోవైపు 'వేసుకోకపోతే'. నొప్పి తగ్గవచ్చు అని ఒకవైపు. అలవాటవుతుందేమో అని ఇంకోవైపు. పిల్లతో నవ్వుతూ మాట్లాడవచ్చు. యశోదకు తెలిస్తే గల్లీకంతా తెలుస్తుంది. రోజూ ఏదో ఒకటి రాసేది. డిగ్రీ పరీక్షలకు కూడా ఆమె అంత శ్రద్ధగా రాయలేదు.

ఆ రోజుల్లోనే రామ్‌చందర్‌కు పెళ్లాం మీద ప్రేమ పుట్టింది. పద్నాలుగేళ్లు ఆలస్యంగానైనా పుట్టింది. సాయంత్రం బర్రెల పని అయ్యాక తనే వంటింట్లోకి పోయి, పాలు కాచి, పసుపు, మిరియాలు, బెల్లం వేసి, గ్లాసులో పోసి సోనీ చేతికిచ్చి పంపేవాడు. సోనీ చెంచాతో తిప్పుకుంటూ, ఒలకకుండా నాలుక బయటపెట్టి నడుచుకుంటూ తెచ్చేది. "మంచం మీద కూసొని తాగు అమ్మా. మొత్తం తాగాలె అన్నడు నాన్న."

పది బర్రెల పాలు పిండుకున్నా పెళ్లాం ఏనాడూ ఒక గ్లాసు తాగిందో లేదో అడగని మనిషి. భాగ్యశ్రీ మొదటి రోజు గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చుండిపోయింది. కళ్లు తడిశాయి. పసుపు ఎక్కువైంది, కాస్త చేదుగా ఉంది. మగవాడు చేసిన పాలు అలాగే ఉంటాయిలే అనుకుని అడుగుదాకా తాగింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆ గ్లాసు కోసం ఎదురుచూడటం మొదలైంది. పెద్దగా చెప్పుకోలేదు గాని, ముప్పై ఆరేళ్ల వయసులో ఆమె మొగుడితో ప్రేమలో పడింది.

నాలుగు వారాలు పోయేసరికి నొప్పి తగ్గింది. పూర్తిగా కాదు. కానీ ఇదివరకు గోడ పట్టుకుని నిలబడే రోజున రొట్టెలు చేసి, బట్టలు ఆరేసి, అత్తగారితో పోట్లాడేంత ఓపిక మిగిలింది. నిద్ర బాగా పడుతోంది. నోరు ఎండుతోంది గాని, ఎండలు ముదిరాయి కదా అనుకుంది. ఆ నెల ఆమె పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్లు తాగుతోంది. పేరు మెంతులకు దక్కింది. యశోదకు చెప్పింది, యశోద గల్లీకి చెప్పింది, జహనుమాలో సగంమంది ఆడవాళ్లు మెంతినీళ్లు తాగడం మొదలుపెట్టారు.

నోట్‌బుక్కులో 'వేసుకోకపోతే' వైపు భాగ్యశ్రీ పెద్ద అక్షరాలతో రాసింది: వేసుకోకుండానే తగ్గుతోంది. దాని కింద రెండు గీతలు కూడా గీసింది.

ఒక గురువారం యశోద ఇంట్లో సీమంతానికి పోయి వచ్చింది. కడుపు నిండా తిన్నది. సాయంత్రం సోనీ గ్లాసు పెట్టి ఆడుకోవడానికి పరుగెత్తింది. ఒక్క గుటక కూడా దిగేలా లేదు. అవతల అత్తగారు మోకాళ్లు పట్టుకుని మూలుగుతోంది.

"అత్తమ్మా, పసుపు పాలున్నయ్. తాగుతవా? మోకాళ్లకు మంచిది."

"నీ మొగుడు నీకు కాచిండు గద."

"కొడుకు చేతి పాలు తల్లి తాగొద్దని ఉన్నదా?"

రుక్మాబాయి మురిసిపోతూ తాగింది.

మర్నాడు ఆమె లేవలేదు.

నలభై ఏళ్లలో జ్వరం వచ్చినా, మొగుడు పోయినా, నాలుగు గంటలకు లేచే మనిషి. రామ్‌చందర్ వచ్చి పిలిచాడు, కుదిపాడు. "ఊఁ" అని అటు తిరిగి మళ్లీ గురక పెట్టింది. ఆయన ముఖం తెల్లబోయింది. భాగ్యశ్రీ అది తల్లి మీద ప్రేమ అనుకుంది. తొమ్మిది బర్రెలను ఆయనే పిండాడు. పదోది, పెద్ద నల్లబర్రె, రుక్మాబాయి గొంతు వినబడనిదే పాలు చేపదు. అది బస్తీ అంతా వినబడేలా అరుస్తోంది. ఆ బర్రె పాలే కావాలని పట్టుబట్టే పాత గిరాకీలు ఏడెనిమిది మంది వాకిట్లో నిలబడి ఉన్నారు. బార్కస్ నుంచి స్కూటర్ మీద వచ్చే సాలెం సాబ్ గడియారం చూసుకుంటూ, "క్యా రామ్‌చందర్, అమ్మాజీ కిధర్? తబియత్ ఖరాబ్ హై క్యా?" అని ముసలామె ఆరోగ్యం గురించి మూడోసారి అడిగాడు.

ఏడున్నరకు రుక్మాబాయి లేచింది. తలుపు పట్టుకుని, జుట్టు విరబోసుకుని, వాకిట్లో ఎండను చూసి, గిరాకీలను చూసి, తన జీవితంలో మొదటిసారి సిగ్గుపడింది. సిగ్గు ఆమెకు అలవాటు లేదు. వెంటనే దాన్ని కోపంగా మార్చుకుంది.

"ఏం కలిపినవే పాలల్ల?"

భాగ్యశ్రీ సోనీకి జడ వేస్తోంది. "ఎవరు, నేనా?"

"నలభై ఏండ్ల సంది పాలు జూస్తున్న. నాకు నాలుక లేదా? రాత్రి పాలు చేదుగుండె. పసుపనుకున్న. నోరు ఎడారి లెక్క ఎండిపోయింది. నన్ను పండబెట్టి ఏం జేద్దామనుకున్నవే? డెయిరీ రాయించుకుందామనుకున్నవా?"

"పది బర్రెలు రాయించుకొని నేనేం జేస్త అత్తమ్మా, పిండుడు గూడ రాదు."

గిరాకీల్లో ఎవరో నవ్వారు. సాలెం సాబ్ నవ్వలేదు. తన క్యానులోకి తొంగి చూసుకుంటూ, "దూద్ మే మిలాయే? క్యా మిలాయే?" అని, పాలల్లో ఏం కలిపారో చెప్పమన్నట్టు అడిగాడు.

భాగ్యశ్రీ మొగుడి వైపు చూసింది. ఆ పాలు కాచింది తను కాదని ఆయనకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోతుంది. రామ్‌చందర్ వంగి, ఉన్న గడ్డినే మళ్లీ సర్దుతున్నాడు. సర్దిన గడ్డిని మళ్లీ సర్దాడు.

"అది అమ్మ గోలీ నాన్నమ్మా," అంది సోనీ.

జడ వేస్తున్న చేయి ఆగిపోయింది.

"ఏం గోలీ?" అంది రుక్మాబాయి.

"అమ్మ కడుపునొప్పి గోలీ. రోజు నాన్న దంచుతడు. నేను కలుపుత. అమ్మకు చెప్తే నొప్పి తగ్గదన్నడు." సోనీ ఒక్కొక్కరి ముఖం చూసింది. గొంతు చిన్నదైపోయింది. "నేను మంచిగనే కలిపిన."

నల్లబర్రె అరవడం ఆపింది. రుక్మాబాయి గొంతు విన్నది కదా, చేపినట్టుంది. సాలెం సాబ్ క్యాను మూత మెల్లగా పెట్టుకుని, పాలు తీసుకోకుండానే స్కూటర్ స్టార్ట్ చేశాడు.

రుక్మాబాయి ఈసారి కొడుకు వైపు తిరిగింది. "నా ఇంట్ల? నా పాలల్ల?" అంది. ఆమె దుఃఖం పాల గురించి. భాగ్యశ్రీకి అది అప్పుడే అర్థమైంది. కోడలి కడుపులోకి ఏం పోయిందన్నది ఆమె లెక్కలో లేదు.

సోనీ బడికి పోయాక భాగ్యశ్రీ వంటింట్లోకి పోయింది. వెతకాల్సిన పని లేకపోయింది. ఆమె ఎన్నడూ తీయని దాణా డబ్బా వెనక, చిన్న రోలు పక్కన, మాత్రల అట్టలు ఉన్నాయి. నాలుగు ఖాళీవి, ఒకటి సగం. చీటీ కూడా నాలుగు మడతలు పెట్టి ఉంది. రామ్‌చందర్ ద్వారం దగ్గర నిలబడ్డాడు.

"ఎన్ని రోజుల సంది?"

"నువ్వు చీటీ తెచ్చిన వారం నుంచి."

"అంటే నేను ఆలోచిస్త అన్న వారం నుంచి."

"నువ్వు ఆలోచిస్తనే ఉంటివి భాగ్యా. నాకు బుగులైంది. ఆ రోజు బట్టలు ఆరేస్తా ఏమన్నవ్? 'నేను లేకుంటె మీకేమన్న ఫరకు పడ్తదా' అన్నవ్. నాకు రెండు దినాలు బువ్వ పోలే."

ఆమె ఆ మాట అన్నది నిజం. ఆయన విన్నాడని ఇప్పటిదాకా తెలియదు. విన్నందుకు ఒక్క క్షణం లోపల ఏదో కరిగింది. వెంటనే ఆ కరిగినదాని మీద కూడా అనుమానం వచ్చింది. ఇప్పుడు దేన్నీ నమ్మే వీలు లేదు.

"అడగొచ్చు గద. నా దగ్గర కూసోని, నాకు భయమైతుంది, వేసుకో అని అనొచ్చు గద."

"అంటె వింటవా?"

"వినకపోదును. అది నా ఇష్టం."

"తగ్గిందా లేదా చెప్పు. సగం తగ్గింది గద? నువ్వు నవ్వుతున్నవ్. అందరికి మెంతినీళ్లని చెప్పుకుంట తిరుగుతున్నవ్. నేను ఒక్క మాట అన్ననా? ఆ పేరు నాకొద్దనే ఊకున్న."

త్యాగం కూడా చేశాడన్నమాట. భాగ్యశ్రీకి నవ్వొచ్చింది.

ఆమెను కోసింది మాత్ర కాదు. మాత్ర గురించి నోట్‌బుక్కు నిండా రాసింది, దాంతో ఆమెకు పరిచయం ఉంది. కోసింది ఆ గ్లాసు. నలభై సాయంత్రాలు దాని కోసం ముఖం కడుక్కుని, మంచం మీద కూర్చుని ఎదురుచూసింది. ఒకరోజైతే తల కూడా దువ్వుకుంది. ఆ ఆలోచన రాగానే చెవులు వేడెక్కాయి.

"ఈ తెలివి నీది కాదు," అంది చివరికి. "నీకు పసుపు డబ్బా యాడుంటదో తెల్వదు. ఎవరు చెప్పిండ్రు?"

రామ్‌చందర్ గోడ వైపు చూశాడు. "మీ అమ్మ."

బార్కస్ అవతల, సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భాగ్యశ్రీ తండ్రి అంజన్న కట్టించిన రెండు గదుల ఇల్లు. అంజన్న పోయి ఆరేళ్లయింది. తల్లి మాణిక్యమ్మ ఒక్కతే ఉంటోంది. భాగ్యశ్రీ ఆటో దిగి వచ్చేసరికి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూతురి ముఖం చూసి చాట పక్కన పెట్టింది.

"అల్లుడు ఫోన్ చేసిండు," అంది. "కూసో. చాయ్ పెడ్తా."

"నీ చేతి చాయ్ నాకొద్దు."

మాణిక్యమ్మ లేవబోయి ఆగిపోయింది. "గట్లంటవా? నువ్వు బతకాలని చెప్పిన. అల్లుడు ఇక్కడ కూసోని ఏడ్చిండు. మొగోడు ఏడుస్తుంటే నేనేం జెయ్యాలె?"

"నన్ను పిలిచి చెప్పొచ్చు."

"నీకు చెప్తె నువ్వు నాకు ఇంగ్లీషుల చెప్తవ్." మాణిక్యమ్మ మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. "అయినా కొత్త సంగతా ఇది? మీ బాపుకు ఇయ్యలే మనం? తాగుడు మానే పొడి? మానిండా లేదా? ఇరవై ఏండ్లు మంచిగ బతికిండు."

"మనమా?"

"మనమే. నేను పొడి పోస్తుంటి. నువ్వే గద చాయ్‌ల కలిపి తీస్కపోయి ఇచ్చేది. నీ చేతినుంచైతేనే అనుమానం లేకుండ తాగుతుండె."

భాగ్యశ్రీ గడపలో కూర్చుంది. అది మరిచిపోయింది కాదు, అలా ఎన్నడూ పేరు పెట్టుకోలేదు. పదేళ్ల పిల్ల. స్టీలు గ్లాసు అంచు కాలుతుంటే గౌను అంచుతో పట్టుకుని నడిచేది. బాపు గ్లాసు అందుకుని "నా బిడ్డ" అనేవాడు. తరవాత కల్లు దుకాణానికి పోయి వచ్చి వాంతులు చేసుకునేవాడు. గుండె దడదడలాడుతోంది, పోతున్నానని ఏడ్చేవాడు. తన కడుపు ఖరాబైంది, తన ఒళ్లు తాగుడుకు తట్టుకోదు అనుకునే మానేశాడు. చచ్చిపోయేదాకా పెళ్లిళ్లలో పప్పన్నం తినడానికి కూడా భయపడేవాడు. కడుపు బలహీనమని.

"బాపుకు చెప్పినవా ఎప్పుడన్న?"

"ఎందుకు చెప్త? మానిండు గద."

మాణిక్యమ్మ ముఖంలో మచ్చుకైనా తప్పు చేసిన భావం లేదు. ఒక రాయి దొరికింది, విసిరేసింది. భాగ్యశ్రీకి తల్లి మీద అరవాలని ఉంది. కాని అరవాలంటే బాపు తరఫున కూడా అరవాలి, అప్పుడు తన మీద తను కూడా అరుచుకోవాలి. ఇవన్నీ ఒకేసారి అరవడానికి ఓపిక లేదు. ఏమీ తాగకుండానే లేచి వచ్చేసింది.

సోమవారం ఒక్కతే నయాపూల్ పోయింది. విమలాదేవి అంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గుతుందని భాగ్యశ్రీకి అప్పుడే తెలిసింది.

"మీకు తెలియకుండా ఇవ్వడం తప్పు. ప్రమాదం కూడా. మీరు ఇంకేదైనా మందు వేసుకుని ఉంటే? మీ అత్తగారికి గుండె జబ్బు ఉండి ఉంటే? ఆమెను కూడా ఒకసారి తీసుకురండి." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అడిగింది. "ఇప్పుడు మీరేం చేయాలనుకుంటున్నారు?"

ఆ ప్రశ్న విని భాగ్యశ్రీకి ఏడుపొచ్చింది. నాలుగు రోజులుగా అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. అడిగింది ఈమే.

"నేను నోట్‌బుక్కుల రాసుకున్న డాక్టరమ్మా. వేసుకుంటె ఏమైతది, వేసుకోకపోతె ఏమైతది అని. నిజాయితీగ రాసిన. ఇప్పుడు చూస్తె నేను రాసిందంత అబద్ధం. తక్కెట్ల నేను తూస్తున్ననుకున్న, కింద నుంచి ఎవడో వేలు పెట్టి నొక్కుతుండె." ముక్కు తుడుచుకుంది. "మందు పని చేసింది. అది నాకు తెలుసు. ఆపేస్తె వాళ్ల మీద పంతానికి ఆపినట్టయితది, నొప్పి నాకే. కొనసాగిస్తె వాళ్లు చేసింది కరెక్టన్నట్టయితది. ఎట్ల చేసినా వాళ్ల మొకమే కనబడుతున్నది. నాకేం కావాలో కనబడ్తలేదు."

"అయితే మొదటి నుంచి మొదలుపెడదాం. ఒక్కసారిగా ఆపకూడదు. సగం మాత్ర, రెండు వారాలు. తరవాత పూర్తిగా ఆపి, ఒక నెల మీ శరీరం ఏమంటుందో చూడండి. దిగులు పెరిగినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయాలి. అప్పుడు నిర్ణయించుకోండి. వేసుకోను అంటే వేరే దారులు చూద్దాం."

ఆ రాత్రి నుంచి సగం మాత్రలు తనే విరిచి వేసుకుంది. నోట్‌బుక్కులో పాత పేజీ చించేసింది. యశోద దగ్గరికి పోయి, తగ్గింది మెంతులతో కాదని చెప్పింది. యశోద నమ్మలేదు, తన నడుము మెంతులతోనే తగ్గిందన్నది. సరేనని వచ్చేసింది.

సోనీ మూడు రోజులు తల్లి దగ్గరికి రాలేదు. నాలుగో రోజు వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నేను తప్పు చేసిన్నా అమ్మా?"

భాగ్యశ్రీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు పెద్దోళ్లు చెప్పింది చేసినవ్. నేను గూడ నీ అంత ఉన్నప్పుడు చేసిన, మీ తాతకు. తప్పు పెద్దోళ్లది. కాని ఇగ నుంచి ఎవరన్న, ఎవరైనా సరే, ఇంకొకరికి చెప్పకుండ ఇది కలుపు అంటె, 'ఎందుకు చెప్పొద్దు?' అని అడుగు."

"నాన్నను గూడ?"

"నాన్నను ముందు అడుగు."

సగం మాత్రలు అయిపోయాయి. పూర్తిగా ఆపిన మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం నడుము కింద నుంచి తొడల దాకా పాత దారి పట్టుకుని నొప్పి వచ్చింది. మూడో వారం పొద్దున్న లేవడం మళ్లీ బరువైంది. పిల్ల ఏదో చెబుతుంటే గాజు అవతల నుంచి వింటున్నట్టు ఉంది. భాగ్యశ్రీ అవన్నీ రాసుకుంది. ఈసారి కింద ఎవరి వేలూ లేదు. కారణాలు రెండు వైపులా ఇంకా ఉన్నాయి. మత్తు ఉంటుంది, నోరు ఎండుతుంది, రెండు కిలోలు పెరిగింది. కాని మనసు మాత్ర వేసుకుంటే నొప్పి మనసుదైపోతుందన్న మాటను మాత్రం ఎంత చూసినా ఎక్కడ రాయాలో తెలియలేదు. మాత్ర ఆపితే నొప్పి కడుపులోకే వచ్చింది. ఫ్రిజ్ మీద కాగితానికి ఏ అవమానమూ జరగలేదు.

ఈ నెలన్నరలో రామ్‌చందర్ తప్పించుకుని తిరగలేదు. అది ఆయన గొప్ప. గిరాకీలు కొందరు మానేస్తే వాళ్ల ఇళ్లకు పోయి నిజం చెప్పుకుని వచ్చాడు. సాలెం సాబ్ మళ్లీ వస్తున్నాడు, కానీ రుక్మాబాయి ఒట్టు వింటూ అదొకలా నవ్వుతాడు. భాగ్యశ్రీ తన అన్నం తనే వడ్డించుకుంటోంది, తన చాయ్ తనే పెట్టుకుంటోంది. మొగుడితో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు.

నెల పూర్తయిన రోజు విమలాదేవి దగ్గరికి పోయి వచ్చింది. కొత్త చీటీతో మందుల దుకాణంలో తనే అట్ట కొన్నది. సాయంత్రం మంచం మీద కూర్చుని ఒకటి వేసుకుని, నీళ్లు తాగింది. సోనీకి అట్ట చూపించి, ఇదేమిటో, ఎందుకో చెప్పింది.

రామ్‌చందర్ ద్వారం దగ్గర నుంచి చూశాడు. నెలన్నరగా వంగి ఉన్న భుజాలు ఒక్కసారి నిటారైపోయాయి.

"వేసుకున్నవా? హమ్మయ్య. నేను మొదట్నుంచి అదే గద అన్నది. అంటే నేను చేసింది..."

"మందు మంచిదే," అంది భాగ్యశ్రీ. "నువ్వు చేసింది మంచిది కాదు."

"రెండూ ఒకటే గద?"

"కాదు."

ఆయన అర్థం చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. ముఖంలో ఆ కష్టం కనబడింది. సోనీ ఇద్దరినీ చూసి, పుస్తకాలు తీసుకుని బయటకు పోయింది.

"ఇంకెన్ని రోజులు భాగ్యా? అమ్మ మాట్లాడ్తలేదు, నువ్వు మాట్లాడ్తలేవు. బర్రెలతోని ఎంతసేపు మాట్లాడాలె? మాఫ్ చేస్తవా చెయ్యవా, ఒక్క మాట చెప్పు."

"ఆలోచిస్త."

"ఎన్ని రోజులు?"

"అది గూడ ఆలోచించాలె." ఆమె కాళ్లు పైకి తీసుకుని, గోడకు ఆనుకుంది. నడుములో నొప్పి ఉంది, ఇవాళ రాత్రికే పోదు. పోవడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చని డాక్టరు చెప్పింది. "నన్ను అడగకుండ ఏమన్న చేద్దామని మళ్ల అనిపిస్తె, నాకు చెప్పి చెయ్యి."

రామ్‌చందర్ పోదామా అని చూశాడు, పోలేదు. కొట్టంలో బర్రెలు పిలవడం మొదలుపెట్టాయి. ఆయన జవాబు కోసం గడపలో కూర్చున్నాడు.

భాగ్యశ్రీ తొందరపడలేదు.